తప్పు కథ

అలా తలొంచుకుని బస్తా మూతి కుట్టుకుంటూ కూర్చుంటే విసుగొచ్చి నేనే వెళ్లిపోతాననుకుంటున్నావు కదూ? వెళ్లను. రెండు బస్సులు మారి వచ్చాను తమ్ముడూ. ఈ మోకాళ్లతో మీ గోడౌను మెట్లెక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా ఎక్కి వస్తే "బాగున్నారా టీచరమ్మా" అని ఒక్క ముక్క, మళ్లీ బస్తా, మళ్లీ దబ్బనం! మూడుసార్లు కబురు పెట్టాను, ఒక్కసారైనా వచ్చావా?

వద్దు, లేవకు. నీ పని నువ్వు చేసుకో, చెవులు మాత్రం ఇటు పెట్టు. మీ మేస్త్రీని అడిగే వచ్చాను. ఓ అరగంట మాట్లాడుకోమన్నాడు. కుర్చీ ఎందుకు, ఈ బస్తా మీద కూర్చుంటాలే. దుమ్మంటావా? దులిపితే పోతుంది.

అసలు నిన్ను 'మీరు' అనాలి. పిల్లల అమ్మానాన్నల్ని 'మీరు' అనకపోతే ఊరుకోనని టీచర్లందరికీ నేనే చెప్తాను. కానీ నువ్వు మా ఆఖరి తమ్ముడి ఈడువాడివి, నోరు తిరగడం లేదు. ఏమనుకోకు.

ఆ మూడో కబురు చీటీ రాసి పంపాను, అందిందా? అందిందీ? ఎవరితో చదివించుకున్నావు? మేస్త్రీతోనా! అందరూ ఉండగా గట్టిగా చదివాడా? ఖర్మ. చదువు రాని మనిషికి చీటీ రాసి పంపిన మొహం నాది. చూశావా, బుద్ధి మోకాళ్లలో ఉంటే ఇలాగే ఉంటుంది, అందుకే అవీ అరిగిపోయాయి.

అదిగో, ఆ బస్తాల సందులో కూర్చుని పురికొస ముక్కలు ఏరుతున్నది మీ అమ్మాయే కదూ? నన్ను చూసింది. చూసి తల దించేసుకుంది. ఆరు వారాల కిందటైతే మెట్ల దగ్గరే కాళ్లకి చుట్టుకునేది. "నీ చేతిసంచిలో ఏముంది, నీ చెప్పు ఎందుకు తెగింది, నీ జుట్టు సగమే తెల్లగా ఉందేం" అని నా బుర్ర తినేసేది. అంతకు ముందు మీ పేటంతా దాన్ని మూగపిట్ట అనేవాళ్లు, గుర్తుందా? మూడున్నరేళ్లొచ్చినా రెండు మాటలు కలిపి అనలేదు. అలాంటిది ఒక్క ఏడాదిలో వసపిట్ట అయి కూర్చుంది. ఎవరివల్ల?

నా వల్లా? అలా అనకు. నా వల్ల కాదు, బడిలో చిన్న టీచరు వల్లా కాదు.

ఏమంటావు, బుద్ధిగా ఉంటోందా? కూర్చోమన్న చోట కూర్చుంటోంది, అల్లరి లేదు, అదేనా? నాలుగున్నరేళ్ల పిల్ల బడి మానేసి పొద్దుటి నుంచీ ఈ దుమ్ములో నోరు మూసుకుని కూర్చుంటే దాన్ని బుద్ధి అనరు నాయనా. వచ్చే ఏడు పెద్దబడికి వెళ్లాలి. అక్కడ గదికి అరవైమంది. నోరు విప్పని పిల్లని తీసుకెళ్లి వెనక వరసలో కూర్చోబెడతారు, కూర్చోబెట్టి మరిచిపోతారు. నేను చూశాను అలాంటివాళ్లని. రెండేళ్లు అలా కూర్చుని, మూడో ఏడు ఇలాంటి గోడౌన్లలోనే తేలతారు. నీ కూతురి సంగతి నువ్వు చూసుకుంటావు, నిజమే. కానీ అది అలా అవడానికి కారణం నేను కాబట్టి వచ్చాను.

మీ పేటలో చాలామందికి నా ఉద్యోగమేమిటో ఇప్పటికీ తెలీదు. పాఠం చెప్పను, అయినా టీచరమ్మనే. నేను టీచర్లకి టీచర్ని. ఇలాంటి పేటల్లో రేకుల గదుల్లో నడిచే పసిపిల్లల బడులున్నాయి చూడు, వాటిల్లో పనిచేసే అమ్మాయిలకి పిల్లలతో ఎలా మెలగాలో నేర్పిస్తాను. ఆ తర్వాత అమ్మానాన్నల్ని పిలిచి వాళ్లకీ నేర్పిస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నేర్పిస్తానట! ఇవాళ ఆ మాట అంటుంటే నాకే నవ్వొస్తోంది.

మొదటి రోజు మొదటి పాఠం ఏమిటో తెలుసా? చిన్న కుర్చీ. పిల్లలు కూర్చునే కుర్చీ, ఇంతెత్తున ఉంటుంది. దాన్ని గది మధ్యలో వేసి ఒక టీచర్ని కూర్చోబెడతాను. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటాయి పాపం. ఒక ఇల్లు బొమ్మ గీయమంటాను. గీస్తుంటే మిగతావాళ్లు చుట్టూ నిలబడి వంకలు పెట్టాలి. "ఇదేం ఇల్లు, ఇదేం తలుపు, అలాక్కాదు, ఇలా ఇవ్వు" అంటూ. ఆట అని తెలిసి కూడా అయిదు నిమిషాల్లో ఆ గీసే చెయ్యి ఆగిపోతుంది. ఒకావిడ అయితే ఏడ్చేసింది, ఇద్దరు పిల్లల తల్లి! అప్పుడు చెప్తాను, పసివాణ్ణి పదిమందిలో తప్పుపడితే ఇదీ జరిగేది, ప్రాణం పోయినా ఆ పని చెయ్యకండి అని. ఎన్ని వందలమందిని కూర్చోబెట్టానో ఆ కుర్చీలో.

ఆ రోజు అమ్మానాన్నల మీటింగులో మీకు వేసినవీ ఆ కుర్చీలే. బడిలో వేరేవి లేవు మరి. నువ్వు ఇంత పొడుగు మనిషివి, ఎటు ముడుచుకోవాలో తెలీక అవస్థ పడ్డావు. చుట్టూ అందరూ ఆడవాళ్లు, మగవాడివి నువ్వొక్కడివే. రానన్నావు కూడా. నేనే పట్టుబట్టి రప్పించాను.

ఎందుకంటావా? ఆ పుస్తకాల సంచులు. మీ పేటలో ఇరవై మూడు ఇళ్లకి శుక్రవారం శుక్రవారం ఒక బొమ్మల పుస్తకం గుడ్డసంచిలో పెట్టి పంపేవాళ్లం కదా. అమ్మో నాన్నో పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివి వినిపించాలి, సోమవారం తిరిగి పంపాలి. చాలా ఇళ్లలో ఆ సంచి మేకుకి వేలాడి వేలాడి అలాగే వెనక్కొచ్చేది. మీ ఇంటి పుస్తకం మాత్రం నలిగి, మూలలు మడతలు పడి, పేజీల మధ్య గోనె పీచు పట్టుకుని వచ్చేది. ఆ పీచు చూసి చిన్న టీచర్ని అడిగాను. "ఆయనకి చదవడం రాదమ్మా. బొమ్మలు చూసి సొంతంగా అల్లి చెప్తారట. ఈ పిల్ల వారమంతా ఆ కథలే మా అందరికీ చెప్తోంది, ఆపమన్నా ఆపదు" అంది. దాని నోరు తెరిపించింది ఎవరో అప్పుడు తెలిసింది నాకు.

సంతోషించాను. సంతోషించాననే అనుకున్నాను.

జరిగింది నీకు తెలీంది కాదు, అయినా ఒక్కసారి నా నోటితో చెప్పనీ. మేక గంట పుస్తకం నీ చేతికిచ్చి అందరి ముందూ చెప్పమన్నాను. అందులో రాసి ఉన్నది ఇంతే: ఒక మేక మెడలో గంట పోగొట్టుకుంటుంది. కోడిని అడుగుతుంది, కుక్కని అడుగుతుంది, కప్పని అడుగుతుంది. మేం చూడలేదంటాయి. చివరికి గడ్డిలో దొరుకుతుంది. మన వస్తువులు మనం జాగ్రత్తగా పెట్టుకోవాలి. అయిపోయింది. ఆ పుస్తకం వందసార్లు చదివి వినిపించి ఉంటాను నేను. ఒక్క పిల్ల కూడా మళ్లీ చదవమని అడగలేదు.

నువ్వేం చెప్పావు? "ఈ మేక గంట పోగొట్టుకోలేదు, తనే విసిరేసింది" అన్నావు. ఎందుకటా? గంట ఉంటే ఎవరి చేలో మేస్తున్నా యజమానికి తెలిసిపోతోందట! అందుకని కోడి దగ్గరికి వెళ్లి "ఏమే, నా గంట చూశావా? చూడలేదు కదా? చూసినా చూడలేదనే చెప్పు, నీకు పుణ్యముంటుంది" అందట. కుక్క దగ్గరికి భయం భయంగా వెళ్లిందట, దాని నోట్లో నువ్వుగింజ నానదని. కప్పేమో "చెప్పకుండా ఉంటే నాకేమిస్తావు?" అని బేరం పెట్టిందట. ఒక్కోదానికి ఒక్కో గొంతు పెట్టావు. నీ కప్ప గొంతుకి మూలన కూర్చున్న ఆ ముసలమ్మ, మనవణ్ణి తీసుకొచ్చిందే, ఆవిడ కూడా బోసినోరు తెరిచి నవ్వింది. ఆఖరి పేజీలో మేక గంట ముందు నిలబడి ఉంటుంది. ఆ పేజీ తిప్పి నువ్వేం మాట్లాడలేదు. అలా ఆగిపోయావు. ఆగి, ఆగి, దిగాలుగా మొహం పెట్టి, "అయ్యో... దొరికిపోయింది" అన్నావు.

నవ్వులకి రేకులు లేచిపోయాయి. పిల్లలు నేల మీద పడి దొర్లారు. మీ అమ్మాయి లేచి నిలబడి "మా నాన్న! మా నాన్న!" అని అరిచింది, అక్కడెవరికీ తెలీనట్టు.

అప్పుడు లేచాను నేను.

ఏమన్నానో గుర్తుందా? గుర్తులేదని అబద్ధమాడకు. "బాగుందయ్యా, కానీ కథ అది కాదు. నువ్వు తప్పు చెప్పావు. పుస్తకంలో ఉన్నది వేరు. ఇప్పుడు నేను సరిగ్గా చదువుతాను, అందరూ వినండి" అన్నాను. అని నీ చేతిలో పుస్తకం తీసుకున్నాను. తీసుకోవడమేమిటి, లాక్కున్నాను.

చదివాను. వేలు పెట్టి చూపిస్తూ, మొదటి అక్షరం నుంచి చివరిదాకా. ఎవరూ నవ్వలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక నువ్వు మోకాళ్ల మీద పెట్టుకున్నావు. నేను ముగించాక అందరికంటే ముందు నువ్వే తలూపావు, "అవునమ్మా" అంటూ.

అందరూ వెళ్లాక చిన్న టీచరు కుర్చీలు సర్దుతూ, నా వైపు చూడకుండా, "మొదటి పాఠం మీరే కదమ్మా చెప్పారు" అంది. నాకు చుర్రుమంది. "అది పిల్లల సంగతి, ఇతను పెద్దవాడు" అన్నాను. ఎంత తెలివో చూడు!

సోమవారం పొద్దున్నే వెళ్తే మీ ఇంటి సంచి బడి గుమ్మం ముందుంది. ఆ వారం పుస్తకం తుడిచి, పేజీల్లో పీచంతా ఏరేసి, ఇక మాకొద్దన్నట్టు కొత్తదానిలా పెట్టావు. ఆ తర్వాత మిగతావాళ్లు. ఒక్కొక్కరే. చదువు రాని ఇళ్లన్నీ. "మాకు రాదమ్మా, ఏదో నోటికొచ్చింది చెప్తే పిల్లలు తప్పు నేర్చుకుంటారు, మీరే చెప్పండి" అని. కోపంగా అన్నా బాగుండేది. ఎంతో మర్యాదగా అన్నారు. ఇరవై మూడు సంచుల్లో ఇప్పుడు నాలుగు తిరుగుతున్నాయి. మిగతావి బీరువాలో ఉన్నాయి.

చిన్న టీచరు కూడా మారిపోయింది. ఇదివరకు పిల్లలతో పాటు గెంతేది. ఇప్పుడు పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని చదువుతుంది. మొన్న ఒక పిల్లవాడు ఏనుగు బొమ్మ చూసి ఏదో అనబోతే "ఉండు, అది ఇందులో లేదు" అంది. నా ట్రైనింగులో ఆ అమ్మాయికి ఇంకేం వంటబట్టిందో తెలీదు కానీ, అది మాత్రం బాగా వంటబట్టింది.

ఆగు, అడ్డం రాకు. 'పోనివ్వండమ్మా' అనకు. పోనివ్వడానికి రాలేదు నేను.

మీ ఆవిడ వచ్చింది నా దగ్గరికి. నీకు చెప్పలేదా? హోటల్లో గిన్నెలు తోమే పని ముగించుకుని, ఆ తడి చేతులతోనే వచ్చింది. మీటింగు అయిన సాయంత్రం నువ్వు ఎప్పటిలాగే పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏదో మొదలుపెట్టావట. పుస్తకం లేకుండానే. పిల్ల నీ నోటి మీద చెయ్యి పెట్టిందట. "నీకు రాదు నాన్నా. టీచరమ్మ చెప్పింది కదా, నువ్వు తప్పు చెప్తావు" అందట. నువ్వు నవ్వేసి "నిజమే తల్లీ" అన్నావట. అంతే, ఆ రోజు నుంచి నువ్వు నోరు విప్పలేదు, అదీ విప్పలేదు.

మీ ఆవిడ ఏడవలేదు. టీ ఇస్తే తాగింది. "ఇంట్లో ముగ్గురం ఉన్నాం, ఎవరూ లేనట్టుందమ్మా" అంది. అని, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయింది.

అందుకే ఇదిగో, ఇంకో పుస్తకం తెచ్చాను. కొత్తది. ఇందులో ఒక్క అక్షరం లేదు, ఉత్త బొమ్మలే. ఎక్కడెక్కడో వెతికి తెచ్చాను. ఇది ఎలా చెప్పినా తప్పనడానికి ఎవరికీ వీల్లేదు, నాక్కూడా. తీసుకో. ఒక్కసారి ఆ దబ్బనం పక్కనపెట్టి చూడవయ్యా!

చేతులు మురికా? మురికైతే ఏం, పుస్తకానికేం రోగం రాదు.

సరే, నువ్వు ముట్టుకోవు. దాన్నే పిలుస్తాను. ఇలా రా తల్లీ. రా, నేనేమీ అనను. ఇదిగో చూడు, ఏమిటిది? పడవ. పడవలో ఎవరున్నారు? పోనీ, మీ నాన్నని అడుగుదామా ఎవరున్నారో? వద్దా? ఎందుకొద్దు? సరే, మేక కథ గుర్తుందా నీకు? మేక గంట ఏమైంది, చెప్పు?

విన్నావా?

విన్నావా తమ్ముడూ ఏం చెప్పిందో? "మేక గంట పోగొట్టుకుంది. మన వస్తువులు మనం జాగ్రత్తగా పెట్టుకోవాలి." చేతులు కట్టుకుని మరీ చెప్పింది. చెప్పి, 'ఇక చాలా?' అన్నట్టు నా మొహంలోకి చూసి, వెళ్లి మళ్లీ పురికొస ఏరుకుంటోంది.

నువ్వేమిటి, నవ్వుతున్నావు? "ఎంత బాగా అప్పజెప్పిందో" అంటావా? అయ్యో, అయ్యో... నీకు దండం పెడతాను, దానికి మాత్రం సంతోషించకు.

సరే, విను. ఇది చెప్పకుండానే వెళ్దామనుకున్నాను. పుస్తకం తీసుకుని ఉంటే చెప్పేదాన్ని కాదు.

ఆ రోజు అలా ఎందుకు చేశానో తెలుసా? చదువు మీద గౌరవంతో కాదు. పిల్లలు తప్పు నేర్చుకుంటారనీ కాదు. కడుపుమంట. ఉత్త కడుపుమంట. ఇన్నేళ్ల నుంచి కథలు చెప్తున్నాను. గొంతెలా మార్చాలి, ఎక్కడ ఆగాలి, పేజీ ఎప్పుడు తిప్పాలి, అన్నిటికీ పాఠాలు రాసి పంచిపెట్టాను. మా ఇంట్లో నేను కథ మొదలుపెడితే మా ఆయనకి నిద్రపడుతుంది, నా కథల వల్ల మా ఇంట్లో ఉన్న లాభం అదొక్కటే. బళ్లలో పిల్లలు వింటారు. వినమంటే వింటారు. నా కథకి నేల మీద పడి దొర్లినవాడు ఒక్కడు లేడు. నువ్వు ఆ ఆఖరి పేజీ దగ్గర ఆగావే, ఎంతసేపు ఆగాలో నీకెవరు చెప్పారు? నాకు చేతకాదది. ఇక ఈ జన్మలో చేతకాదని ఆ నిమిషంలో తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే ఆ ముసలమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "టీచరమ్మా, ఇతన్నే రోజూ రమ్మనకూడదూ?" అంది. ఒళ్లు భగ్గుమంది. లేచాను.

నీ కథ తప్పు కాదు తమ్ముడూ. పుస్తకంలో ఉన్నదానికంటే వందరెట్లు బాగుంది. బాగుంది కాబట్టే తప్పన్నాను. నీకు రాకపోవడం కాదు, నాకు ఓర్వలేకపోవడం. ఇదీ సంగతి. చిన్న టీచరుకి చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

అలా చూస్తావేం? తిట్టు. నాలుగు తిట్టవయ్యా, ఇద్దరికీ కాస్త తేలిగ్గా ఉంటుంది.

ఏమిటీ?

కాదు. నీ మనసు కష్టపడిందని ఊరడించడానికి చెప్పలేదు. మంచితనం కాదయ్యా ఇది! నేను మంచిదాన్ని కాదని చెప్పడానికే కదా ఇంతసేపూ గొంతు చించుకుంటున్నది. "ఇంత చదువుకున్నవారు, నన్ను చూసి మీకు కడుపుమంటేమిటమ్మా" అని నవ్వేస్తున్నావు. రేపు మీవాళ్లకి చెప్తావు కాబోలు, టీచరమ్మ ఎంత గొప్పమనిషో, నా కోసం నింద తన మీదేసుకుంది అని.

నమ్మవా? ఒట్టేసి చెప్తే? నమ్మవు. తప్పు చెప్పావని నేను ఒక్క ముక్క అంటే చటుక్కున నమ్మేశావే! బాగుందని ఇంతసేపు మొత్తుకుంటుంటే నమ్మవేం?

ఏమన్నావు, పంపిస్తావా? సోమవారం నుంచి మళ్లీ బడికి పంపిస్తావా? "మీ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకుంటే నాలా కాకుండా ఉంటుంది" అంటావా?

నీలా కాకుండా. సరే నాయనా. అలాగే.

పుస్తకం మాత్రం వద్దంటావు. పోనీలే. సంచిలో పెట్టేసుకుంటాను. నా చెయ్యి పట్టుకో, కాస్త లేవనియ్యి. చాల్లే, మెట్లు నేను దిగుతాను, నీ పని చెడగొట్టుకోకు. తొమ్మిదికల్లా పంపించు. దాని గురించి బెంగపెట్టుకోకు, ఇట్టే నేర్చుకుంటుంది. ఏం చెప్తే అది నమ్ముతుంది. అచ్చం నీ పోలికే.